మార్త మోసిన మాత

మరియమాత స్వరూపం మా వీధి మలుపు దాకా వచ్చి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయిన సాయంత్రం మార్త కొత్త చీర కట్టుకొని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చేతిలో వెలిగించిన కొవ్వొత్తి. గాలికి ఆరిపోకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాటలు దగ్గరికి వస్తున్నాయి, మైకు దగ్గరికి వస్తోంది. మలుపులో వ్యాను ఒక్క నిమిషం ఆగింది. ట్యూబులైట్ల వెలుగు మా గోడల మీద పడింది. తరువాత వ్యాను నేరుగా ముందుకు పోయింది, వెలుగూ దాని వెంటే పోయింది.

ఇది 1999 అక్టోబరు మాట. బొమ్మనహళ్ళిలో హోసూరు రోడ్డుకు లోపలగా, గార్మెంట్ ఫ్యాక్టరీల వెనక, రేకుల కప్పు కింద ఒకే గోడ పంచుకున్న గదుల వరస మాది. నేనూ మార్తా ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్క మెషిన్ల మీద కుట్టేవాళ్ళం. ఇక్కడ మా గదుల మధ్య ఒక్క గోడే అడ్డం. మాది హిందూపురం వైపు. మార్తది ముళబాగిలు దగ్గరి పల్లె. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని.

కథోలికులకు అక్టోబరు జపమాల నెల. ఆ ఏడు వాళ్ళ చర్చి కమిటీ ఒక కొత్త పద్ధతి పెట్టింది. చర్చిలోని మాత స్వరూపాన్ని, అంటే విగ్రహాన్ని, రోజుకొక ఇంటికి తెచ్చి, ఆ సాయంత్రం ఇరుగుపొరుగు అందరూ చేరి జపమాల చెప్పుకొని, మర్నాడు మరో ఇంటికి పంపాలి. కావలసినవాళ్ళు పూజ అయ్యాక పేర్లు చెప్పండన్నారు. మార్త చెప్పింది. కమిటీ పెద్ద చౌరప్పే గురువారం మీ ఇంటికి అన్నాడు.

ఆ గురువారం కోసం మా వరస వరసంతా కదిలింది. మార్త భర్త నంజప్ప సున్నంలో నీలిమందు కలిపి గది గోడలకు కొట్టాడు. పక్కగది మారెమ్మ శనగలు నానబెట్టి గుగ్గిళ్ళు చేసింది. చివరి గదిలో ఉండే ఫర్హానా తన ఇంట్లో ఉన్న మంచి చాపలన్నీ తెచ్చి పరిచింది. ఫ్యాక్టరీలో సగం పూట సెలవు అడిగినందుకు మార్త సూపర్‌వైజరు చేత నానా మాటలూ పడింది. "మీ దేవతలు వస్తారని లైన్ ఆపేస్తే ఎక్స్‌పోర్టు ఎవరు పంపాల?" అన్నాడాయన. మార్త తల వంచుకొని విని, సెలవు తీసుకొనే వచ్చింది.

వ్యాను వెళ్ళిపోగానే మార్త కొవ్వొత్తి నా చేతికిచ్చి పరిగెత్తింది, కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా. కొవ్వొత్తి మారెమ్మకిచ్చి నేనూ వెనకాలే పరిగెత్తాను. వ్యాను పక్క రోడ్డులో కొత్తగా కట్టిన మేడ ముందు ఆగింది. ఆ ఇంటివాళ్ళు మాత పక్కన నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. చౌరప్ప మైకు వైరు చుట్టిస్తున్నాడు. ఆయన ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. తెల్ల చొక్కా, మెడలో బంగారు శిలువ. వాళ్ళ ఇంట్లో మాట్లాడేది తెలుగే.

"ఏమన్నా, ఈ పొద్దు మా ఇంటికి కదా రావాల్సిండేది?" అంది మార్త, రొప్పుతూ.

"మీ సందులోకి వ్యాను పట్టదమ్మా."

"పట్టకపోతే చేతుల మీద తెచ్చేది. ఇంతమంది మొగోళ్ళు ఉండారే!"

చౌరప్ప చుట్టూ చూశాడు. జనం వింటున్నారు. "మీ ఇండ్ల ముందర మోరీ పొంగుతా ఉండాది. ఆ వాసనలో తల్లిని పెడితే అగౌరవం కదా. కొంచెం అర్థం చేసుకో."

"ఆ మోరీ మేము కట్టలేదన్నా. మేమూ ముక్కు మూసుకొనే బతుకుతాండాము. మాకు కాదా అగౌరవం?"

ఆయన లోపలికి వెళ్ళాడు. మైకులో జపమాల మొదలైంది. గేటు దగ్గర మార్త ఒక్క క్షణం నిలబడి వెనక్కి తిరిగింది.

మార్తకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ సాయంత్రం ఆమె గొంతు వినాలంటే నేను దగ్గరికి జరగాల్సి వచ్చింది. "గుగ్గిళ్ళు పంచండి" అంది ఇంటికి రాగానే. "చేసిందంతా పారేస్తామా? కూచోండి అందరూ. మా అమ్మ ఉండాది కదా ఇంట్లో. ఆమె దగ్గరే చెప్పుకుందాం."

అమ్మ అంటే ఆమె ఇంటి మాత. మూరెడు ఎత్తున్న ప్లాస్టర్ స్వరూపం. నీలి ముసుగు, చంకలో బాలయేసు. దాన్ని మార్త కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో శివాజీనగర్ మరియమ్మ పండుగలో కొనుక్కుంది. తన సంపాదనతో తన కోసం కొనుక్కున్న మొదటి వస్తువు అదేనని చెప్పేది. ఆ రోజు హోసూరు రోడ్డు బస్సులో నిలబడి వస్తుంటే డ్రైవరు సడన్‌గా బ్రేకు వేశాడు. జనం మీద పడ్డారు. ఎవరి మోచెయ్యి తగిలిందో, మాత తల మెడ దగ్గర విరిగి మార్త చేతిలో పడింది. స్టాపులో దిగి రోడ్డు పక్కన కూర్చొని ఏడ్చిందట. అక్కడే ఒక షాపులో టైల్స్ వేస్తున్న పనివాడు బయటికి వచ్చి, ఏంది సంగతి అని అడిగి, వైట్ సిమెంటు కలిపి తల అతికించి ఇచ్చాడు. అతనే నంజప్ప. అతికించేటప్పుడు తల కాస్త ఎడమకు తిరిగింది. అప్పటినుంచీ ఆ తల్లి ఎవరో తలుపు దగ్గర పిలిస్తే వింటున్నట్టుగా ఉంటుంది. నంజప్పది చింతామణి వైపు, హిందువు. ఇద్దరూ రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు. వాళ్ళ గదిలో ఒకే గూట్లో ఆ మాతా, నంజప్ప కొలిచే వెంకటరమణుడి పటమూ పక్కపక్కనే ఉండేవి. ఒకే దీపం ఇద్దరికీ వెలిగేది.

ఆదివారం మార్త ఫాదర్‌ని కలవడానికి వెళ్ళింది. నన్నూ తోడు రమ్మంది. నాకు చర్చి పద్ధతులు తెలియవు, అయినా వెళ్ళాను. ఆఫీసు గదిలో ఫాదర్ పక్కనే చౌరప్ప కూర్చొని ఉన్నాడు. ఫాదర్ కన్నడంలో మెల్లగా, మంచిగానే మాట్లాడాడు. రోడ్డు సరిగా లేనందువల్ల జరిగింది, మనసులో పెట్టుకోవద్దు, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు.

"వచ్చే ఏటికి సందు వెడల్పయితాదా సామీ?" అంది మార్త.

ఫాదర్ చౌరప్ప వైపు చూశాడు. చౌరప్ప ఈసారి మోరీ మాట ఎత్తలేదు. "నీ పెండ్లి చర్చిలో కాలేదు. నీ మొగుడు జ్ఞానస్నానం తీసుకోలేదు. అట్లాంటి ఇంటికి స్వరూపం పంపేదానికి పద్ధతి ఒప్పుకోదు" అన్నాడు.

"మా వరసలో చర్చిలో పెండ్లి అయినోళ్ళు ఉండారు. వాళ్ళ ఇండ్లకైనా పంపిస్తారా?"

చౌరప్ప ఆ మాట పక్కన పెట్టాడు. ఇంకో కారణం వచ్చింది. "నీ ఇంట్లో మెడ విరిగిన స్వరూపం పెట్టుకొని మొక్కుతాండావంట. పగిలిన బొమ్మకు మొక్కకూడదు. అది తీసేసినాక చూద్దాం."

నాకే ఒళ్ళు మండింది. మార్త గొంతు ఇంకా తగ్గింది. "పోయినేడు ఫాదర్ స్కూటర్ మీదనుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నారు. కట్టు కట్టుకొనే పూజ చేసినారు. అతుకుపడిన చేత్తో ఇచ్చిన ప్రసాదం అప్పం మనమందరమూ తీసుకోలేదా చౌరప్పన్నా? నువ్వే ముందర నిలబడి తీసుకుంటివే!"

ఫాదర్ నవ్వబోయి ఆపుకున్నాడు. ఆ నవ్వు చూసేసరికి చౌరప్పకు పౌరుషం వచ్చింది. కుర్చీలోంచి లేచి, ఇంతసేపూ కడుపులో దాచుకున్నది కక్కేశాడు.

"ఊరికే ఎందుకు మాట్లాడించేది ఫాదర్? ఆ వరసలో ఉండేది ఏ జనమో మీకు తెలీదా? స్వరూపం పోతే మేమూ పోవాల. పోతే కూచోవాల. కూచుంటే వాళ్ళు ఇచ్చింది తాగాల. మా వాళ్ళల్లో అది జరిగే పని కాదు. తాతల కాలంనుంచీ క్రైస్తవులం మేము. అట్లని నిన్నా మొన్నా వచ్చినోళ్ళతో అన్నీ కలుపుకుంటామా?"

మార్త తాత మాదిగ కులంలో పుట్టాడు. ఆయన జ్ఞానస్నానం పుచ్చుకొని యాభై ఏళ్ళు దాటింది. నిన్నా మొన్నా అంటే అదీ.

మార్త చౌరప్పను చూడలేదు, ఫాదర్‌ను చూసింది. ఆయన ఏదో ఒకటి అంటాడని చూసింది. తప్పు అంటాడనో, కూర్చో చౌరప్పా అంటాడనో, కనీసం ఛీ అంటాడనో. ఆయన బల్ల మీద కాగితాలు సర్దుకున్నాడు. సర్దిన కాగితాలనే మళ్ళీ సర్దాడు.

"సరే సామీ" అని మార్త లేచింది.

బయటికి వచ్చాక అంది: "చౌరప్ప నన్ను తిట్టినాడు, అది పడతా. ఊర్లో మా నాయన పడినాడు, మా తాత పడినాడు. ఆ సామి గమ్మున ఉండాడు చూడు గీతా, అది మాత్రం పడను."

మర్నాడు ఫ్యాక్టరీ నుంచి రాగానే ముఖం కడుక్కొని, గూట్లోంచి తన మాతను దించింది. గుడ్డతో తుడిచి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు చంకనెత్తుకొని మారెమ్మ గుమ్మం ముందు నిలబడింది. మారెమ్మ పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చింది.

"ఏందే ఇది?"

"అమ్మ మీ ఇంటికి వచ్చినాది. రానిస్తావా?"

"మేము మీ మతమోళ్ళం కాదు కదే!"

"నేనడిగింది అది కాదు. రానిస్తావా లేదా?"

మారెమ్మ కళ్ళు తుడుచుకుంది. పీట కడిగి, ముగ్గు వేసి, దాని మీద మాతను పెట్టించింది. ఆ సాయంత్రం అక్కడ జపమాల జరిగింది. తెలిసినవాళ్ళు చెప్పారు, తెలియనివాళ్ళం చేతులు కట్టుకొని కూర్చున్నాం. మర్నాడు ఇంకో గది. అట్లా రోజుకొక ఇల్లు తిరుగుతూ ఫర్హానా గది దగ్గరికి వచ్చింది. ఫర్హానా గుమ్మంలోనే నిలబడి ఇబ్బందిగా చెప్పింది.

"అక్కా, మర్యమ్ అంటే మాకూ చాలా గౌరవం. కానీ మా ఇండ్లల్లో బొమ్మ పెట్టుకోము. కోపం చేసుకోవద్దు. ఇక్కడ గడప బయట స్టూలు వేస్తా. నేనూ మీతోనే కూచుంటా."

"దానికేముండాది, వెయ్యమ్మా" అంది మార్త వెంటనే.

తరువాత నేను అడిగాను: ఫర్హానా మీద కోపం రాలేదా అని. "ఎందుకొస్తాది? ఆమె ఉన్న మాట మొగం మీద చెప్పినాది. స్టూలూ వేసినాది. చౌరప్ప మోరీ అన్నాడు, పెండ్లి అన్నాడు, మెడ అన్నాడు. మాట మాటకూ ఒక సాకు. అదీ నా కడుపుమంట" అంది.

ఈ సంగతి ఫ్యాక్టరీలో పాకింది. కట్టింగ్ సెక్షన్ ఆడవాళ్ళు, ఇస్త్రీ చేసేవాళ్ళు, వేరే సందుల్లో గదులు తీసుకొని ఉండే కథోలిక పిల్లలు, మా ఇంటికి ఎప్పుడు తెస్తావక్కా అని అడగడం మొదలుపెట్టారు. వాళ్ళ ఇండ్లకూ వ్యాను పోలేదు. వాళ్ళ సందుల్లో మోరీలు కూడా లేవు, అయినా పోలేదు. మార్త పనైపోయాక మాతను ఎత్తుకొని నడిచేది. మొదట మేం నలుగురం వెంట ఉండేవాళ్ళం. నెల చివరికి వచ్చేసరికి రోడ్డు దాటాలంటే బస్సులు ఆపాల్సినంత మంది అయ్యాం.

నెల ఆఖరి శనివారం మార్త మమ్మల్ని చౌరప్ప ఇంటికి తీసుకెళ్ళింది.

వద్దన్నవాళ్ళు ఉన్నారు. నంజప్పే వద్దన్నాడు. "ఆయప్ప పోలీసులను పిలుస్తాడే" అన్నాడు. "జపమాల చెప్పేదానికి పోలీసులెందుకు? పిలిస్తే వాళ్ళనూ కూచోమంటా" అంది. చౌరప్పది కాంపౌండు ఉన్న ఇల్లు. గేటు తీసే ఉంది. మార్త మెట్ల దాకా వెళ్ళి పిలిచింది.

"చౌరప్పన్నా! అమ్మ మీ ఇంటికొచ్చినాది. రానిస్తారా?"

చౌరప్ప వచ్చాడు. మార్త చంకలో ఉన్న స్వరూపాన్నీ, ఆమె వెనక గేటు దాకా నిండిన ఆడవాళ్ళనూ చూశాడు. ముఖం ఎర్రబడింది. "అది మంత్రించిన స్వరూపం కాదు. నా ఇంట్లోకి తేవద్దు" అని తలుపు వేసుకున్నాడు. లోపల గడియ పెట్టిన చప్పుడు మా అందరికీ వినిపించింది.

మార్త మెట్టు మీద తన కొంగు పరిచి మాతను పెట్టింది. తాను కింద నేల మీద మోకరించింది. ఆ జపానికి రెండు సగాలుంటాయని ఆ నెలలో నాకూ తెలిసింది. మొదటి సగం ఒకరు చెబుతారు, రెండో సగం మిగిలినవాళ్ళు అందుకుంటారు. మార్త మొదలుపెట్టింది. మేం అందుకున్నాం. కొంతసేపటికి మా గొంతులతోపాటు ఇంకో గొంతు కలిసింది. మా వెనకనుంచి కాదు, ముందునుంచి. కిటికీ రెక్క కొంచెం తీసి ఉంది. పరదా వెనక ఎవరో కూర్చొని రెండో సగం చెబుతున్నారు. చౌరప్ప భార్య లూర్దమ్మ. లోపలినుంచి ఆయన గద్దించడమూ వినబడింది. ఆమె గొంతు ఒక్కసారి తడబడి, మళ్ళీ అందుకుంది. చివరి దాకా ఆగలేదు.

తిరిగి వస్తూ దారంతా మార్త ఏడ్చింది. సంతోషమా అని అడిగితే కసిరింది. "సంతోషమా? ఆ ఇంటి ఇల్లాలు, తన ఇంట్లో తాను కిటికీ చాటున కూచొని జపం చెప్పుకోవాల్నా? నాకన్నా ఆమె గతి అన్యాయంగా ఉండాదే!"

ఆ తరువాత ఏడాదంతా గార్మెంట్ ఆడవాళ్ళు పూజకు వెళ్ళేవారు గానీ కమిటీ పెట్టే ఏ కార్యక్రమానికీ వెళ్ళలేదు. పండుగకు చర్చి అలంకరించేదీ, ఊడ్చేదీ, పాటలు పాడేదీ వీళ్ళే. ఆ ఏడు పండుగకు చర్చి బోసిపోయింది. అప్పుడు గానీ ఫాదర్‌కు మా సందు గుర్తు రాలేదు. మరుసటి అక్టోబరులో మొదటి రోజే స్వరూపం మార్త ఇంటికి అని పూజలో ఆయనే చెప్పాడు.

ఆ సాయంత్రం వ్యాను మలుపులో ఆగింది. ఫాదర్ దిగి స్వరూపాన్ని తనే మోసుకొచ్చాడు. వెనక కమిటీవాళ్ళు మోరీ మీద వేసిన రాతి పలకల మీదుగా పంచెలు ఎత్తిపట్టుకొని వచ్చారు. చౌరప్పా వచ్చాడు. రాకపోతే పదవి పోతుందని అందరూ అనుకున్నారు. లూర్దమ్మ ఆయన వెనకే వచ్చింది. మార్త చర్చి మాతకు దండ వేసి, తన మాత పక్కన పెట్టించుకుంది. తరువాత కుండలోంచి స్టీలు గ్లాసుల్లో నీళ్ళు పోసుకొని పళ్ళెంలో పెట్టుకొని వచ్చింది.

"ముందర అందరూ నీళ్ళు తాగండి. తరువాత జపం" అంది.

ఫాదర్‌కు అర్థమైంది. గ్లాసు తీసుకొని ఖాళీ చేశాడు. ఖాళీ గ్లాసు చేతిలోనే పట్టుకొని, "మార్తా, ఆ రోజు నేను మాట్లాడి ఉండాల్సింది" అన్నాడు కన్నడంలో.

"అవును సామీ, మాట్లాడి ఉండాల్సింది" అంది మార్త. పరవాలేదు అనలేదు.

పళ్ళెం కదిలింది. కొందరు తాగారు. కొందరు పెదవులు తడుపుకున్నారు. చౌరప్ప దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నాకు దాహం లేదు."

"దాహానికి కాదన్నా ఇస్తాండేది."

ఆయన అటూ ఇటూ చూశాడు. సాయం వచ్చే ముఖం ఒక్కటీ కనబడలేదేమో, చెప్పులు వేసుకొని సందు దాటి వెళ్ళిపోయాడు. మరో ఇద్దరు గ్లాసులు ముట్టకుండా ఆయన వెంట వెళ్ళారు. వాళ్ళ వెనకే వెళుతుందనుకున్న లూర్దమ్మ మాత్రం పళ్ళెంలోంచి ఒక గ్లాసు తీసుకొని తాగి, అదే గ్లాసు మళ్ళీ మార్తకు చాచింది. "ఇంకొంచెం పొయ్యమ్మా" అంది. తరువాత వచ్చి మారెమ్మ పక్కన చాప మీద కూర్చుంది. మార్త వాళ్ళిద్దరి ముందు కూర్చొని జపమాల మొదలుపెట్టింది.

కొన్నేళ్ళకు మా రేకుల వరస కూలగొట్టి అపార్టుమెంట్లు కట్టారు. తలా ఒక దిక్కు అయ్యాం. నేను నా భర్త పని కోసం హూడికి వచ్చేశాను. మార్త, నంజప్ప ఇంకా లోపలి వీధికి మారారు. అది కూడా సందే. మార్త ఫ్యాక్టరీ మారింది గానీ కుట్టు మానలేదు. చర్చి కమిటీలోకి రమ్మని రెండుసార్లు అడిగారట. "చౌరప్ప కూచున్న కుర్చీలో నేను కూచోను. నా నేల నాకుండాది" అందట.

2008లో ఒక శనివారం ఆమెను చూడడానికి వెళ్ళాను. ఇంటినిండా ఆడవాళ్ళు. జపమాల నడుస్తోంది. ముందు వరసలో లూర్దమ్మ. ప్రతి శనివారం వస్తుందట. జపం అయ్యాక ఆమెను సాగనంపడానికి మలుపు దాకా నడిచాం. అక్కడ కారులో చౌరప్ప కూర్చొని ఉన్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. మమ్మల్ని చూసి అద్దం పైకెత్తుకున్నాడు.

మార్త వంగి అద్దం మీద వేలితో కొట్టింది. "చౌరప్పన్నా! ఇంట్లోకి రా. ఎండలో ఎంతసేపు కూచుంటావు?"

ఆయన ముందుకే చూస్తూ కారు స్టార్ట్ చేశాడు. లూర్దమ్మ ఎక్కి కూర్చొని మాకు చెయ్యి ఊపింది. కారు మలుపు తిరిగింది.

"ఇన్నేండ్లు అయినాయి. పెండ్లాన్ని దించి మలుపులో కాపలా కూచుంటాడే గానీ గడప తొక్కడు" అంది మార్త. గొంతు తగ్గింది. ఆమె కోపం నాకు తెలుసు కనుక దగ్గరికి జరిగాను. "వచ్చే శనివారమూ పిలుస్తా. రాడు. రాకపోనీ. మేము పిలవలేదని మాత్రం ఎక్కడా చెప్పుకోకూడదు ఆ మనిషి" అంది. లోపల ఆడవాళ్ళు కాఫీ కోసం ఎదురుచూస్తున్నారని గుర్తొచ్చి, కొంగు బిగించుకొని ఇంటివైపు నడిచింది.